నిద్రగన్నేరు కొమ్మ కొట్టించాక

మా వీధిలోకి ఎవరు ఎప్పుడొచ్చారో ఎవరినీ అడగక్కర్లేదు, గేటు చూస్తే తెలిసిపోతుంది. నల్లగా తళతళలాడుతుంటే కొత్తవాళ్లు. బందుల కింద గోడ మీద ఎర్రటి చారలు కారుతుంటే వచ్చి రెండేళ్లయిందన్నమాట. రంగు పొరలు పొరలుగా లేచి, కింది అంచు వేలితో నొక్కితే పొడిగా రాలుతుంటే వాళ్లు పాతకాపులు. మరీ పాతవాళ్లకు అసలు ఇనుప గేటే ఉండదు, చెక్క గేటు. ఎదురింటి బాబాయిగారిది అలాంటిదే. వానల్లో ఉబ్బిపోయి మూసుకోదు, ఎండల్లో ఎండిపోయి గాలికి కొట్టుకుంటుంది. అయినా మార్చరు.

మాది తొమ్మిదేళ్ల గేటు. ఇప్పటికి మూడుసార్లు రంగు, రెండుసార్లు బందులు.

ఈ ఇల్లు చూడటానికి వచ్చిన రోజు నాకు గేటు కనబడలేదు, చెట్లు కనబడ్డాయి. రోడ్డుకి రెండు వైపులా నిద్రగన్నేర్లు, మధ్యమధ్యలో బాదం, కానుగ, మలుపు దగ్గర ఓ పొన్న. ఇళ్లకంటే చెట్లే ముందు వచ్చి ఉండాలి. ఎందుకంటే కొన్ని ప్రహరీ గోడలు చెట్టు దాకా తిన్నగా వచ్చి, అక్కడ ఒదిగి వంపు తిరిగి, మళ్లీ తిన్నగా సాగిపోతాయి. మూడు వందల మీటర్ల అవతల సముద్రం. మా ఆయన "గాలి చూడు" అన్నాడు. నేను "నీడ చూడు" అన్నాను. గోడలు ఎలా ఉన్నాయో ఇద్దరం చూడలేదు.

సముద్రం దగ్గర ఇల్లంటే సముద్రం కనబడాలని లేదు. మా మేడ మీదికెక్కినా కనబడదు. రాత్రి పదకొండు దాటి బళ్ల రొద ఆగాక వినబడుతుంది, అంతే. కానీ అది మాత్రం రోజూ మా ఇంటికొస్తుంది. ఒడ్డున అల విరిగినప్పుడు నురగలో బుడగలు పగిలి సన్నటి తుంపర గాల్లోకి లేస్తుంది. అందులో నీళ్లు చాలావరకు దారిలోనే ఆవిరైపోతాయి, ఉప్పు మిగులుతుంది. లీటరు సముద్రపు నీళ్లలో దాదాపు 35 గ్రాముల ఉప్పు మరి. పొద్దెక్కేకొద్దీ నేల సముద్రంకంటే త్వరగా వేడెక్కుతుంది, దాని మీది గాలి తేలికై పైకి పోతుంది, ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. మనం కిటికీ తెరిచి 'అమ్మయ్య' అనుకునే గాలి అదే. ఉప్పుని మోసుకొచ్చేదీ అదే.

నేను ఇంట్లో కూర్చునే పనిచేసుకుంటాను. పైగదిలో, సముద్రం వైపు కిటికీ పక్కన బల్ల. మొదటి నెలలో కళ్లజోడు మాటిమాటికీ మసకేస్తుంటే నంబర్ పెరిగిందేమోనని టెన్షన్ పడి కళ్ల డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లొచ్చాను. కళ్లు బాగానే ఉన్నాయి. అద్దాల మీద పేరుకుంటున్నది ఉప్పు. పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయని, ముందు నీళ్లతో కడగాలని అప్పుడు తెలిసింది.

నీళ్లతో కడగడం అంటే గుర్తొచ్చింది. బాబాయిగారు ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఎండాకాలంలో పదిరోజులకోసారి పైపు పట్టుకుని కిటికీ ఊచలు, సజ్జాల అడుగు భాగం, కరెంటు మీటరు పెట్టెకున్న తలుపు, చివరికి పాత సైకిలు కూడా మంచినీళ్లతో కడుగుతారు. ఇనుముకి నీళ్లు తగలకూడదని కదా మనం చిన్నప్పటినుంచీ విన్నది. పెద్దవయసు, పాపం ఏదో కాలక్షేపం అనుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"తుప్పు పట్టదా బాబాయిగారూ?"

"తడికి పడుతుంది. ఉప్పు పోగొట్టకపోతే తడి ఎప్పుడూ ఉంటుంది" అన్నారు, నా వైపు చూడకుండానే.

తర్వాత చదువుకుంటే అర్థమైంది. గాల్లో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమని లాక్కుని తనే కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కి అందులో సగం కూడా అక్కర్లేదు. అంటే కంటికి పొడిగా కనిపించే ఊచ మీద కూడా సన్నటి ఉప్పునీటి పొర ఉండిపోతుంది. ఇంకో తమాషా ఏమిటంటే, వాన బాగా తగిలే ఇనుముకంటే వాన తగలని ఇనుమే ముందు పోతుంది. వానకి ఉప్పు కొట్టుకుపోతుంది, సజ్జా కింద దాక్కున్నది అలాగే పేరుకుంటుంది. మా ఇంట్లో కిటికీ పై బందు విరిగేది, కింది బందు బాగుండేది. పని సరిగా చేయలేదని ఒక వెల్డింగ్ అబ్బాయిని అనవసరంగా తిట్టాను.

అదే అబ్బాయి మరోసారి వచ్చినప్పుడు, ఈసారి స్టెయిన్‌లెస్ వేసేయమన్నాను, గొడవ వదిలిపోతుందని. బాబాయిగారు గోడ మీంచి తల పెట్టి, "316 అయితే వేయించు, 304 అయితే డబ్బు దండగ" అన్నారు. రెండూ స్టెయిన్‌లెస్‌లో రకాలే. 316లో మాలిబ్డినం అనే లోహం కలుపుతారు, ఉప్పుని ఇంకాస్త తట్టుకుంటుంది. ఆ అబ్బాయి దగ్గర ఉన్నది 304. మొండిగా వేయించాను. ఏడాది తిరక్కుండానే టీ ఒలికినట్టు గోధుమరంగు మరకలు. విరిగిపోలేదు కాబట్టి దండగ అనను. కానీ ఆయన దారిన వెళ్తూ ఆ మరకల వైపు చూసిన చూపు మాత్రం మర్చిపోలేను.

ఇక చెట్టు సంగతి.

మా గేటు పక్కనే ఉన్న నిద్రగన్నేరు వీధిలోకెల్లా పెద్దది. కాండం చుట్టూ చేతులు వేస్తే నాకూ మా ఆయనకూ కలిపి చాలవు. దాని కొమ్మొకటి మా పైగది కిటికీ ముందునుంచి మేడ మీదికి వాలి ఉండేది. సాయంత్రం ఆరున్నరకి ఆకులన్నీ ముడుచుకుంటాయి. అప్పటిదాకా పచ్చటి తెరలా ఉన్నది కాస్తా జల్లెడలా అయిపోయి, సందుల్లోంచి ఆకాశం కనబడుతుంది. మబ్బు బాగా పట్టినా అంతే. మా అత్తగారు కాలు నొప్పితో పైకి ఎక్కలేరు గానీ, కింద వరండాలో కూర్చుని "ఆకు ముడిచింది, బట్టలు తియ్యి" అని కేకేస్తారు. వాతావరణం వార్తలకంటే ఆవిడ మాటే నమ్మకం. ఒకటి రెండుసార్లు తప్పాయి, లేదనను.

ఈ అందమంతా చూస్తూ కూర్చుంటే సరిపోదు. ఊడవాలి. నిద్రగన్నేరు ఆకు చిన్నది, చీపురుకి చిక్కదు, రాళ్ల సందుల్లో దూరుతుంది. పూల కాలంలో గులాబీరంగు కుచ్చులు రాలి, ఎండితే జుట్టులా చుట్టుకుంటాయి. కాయలు జిగురు, చెప్పుకి అంటుకుని హాల్లోకి వచ్చేస్తాయి. బాదం చెట్టుది ఇంకో లెక్క. అది ఆకు రాల్చేముందు ఎర్రగా పండించి, ముచ్చటగా చూపించి, ఒక్క వారంలో మొత్తం మన నెత్తిన పోస్తుంది. గబ్బిలాలు రాత్రిపూట కాయలు కొరికి మేడ మీద పారేస్తాయి. పొద్దున్నే చెప్పుల్లేకుండా మేడెక్కితే తెలుస్తుంది ఆ గుండ్రటి కాయ మీద కాలు పడితే ఎలా ఉంటుందో.

మూడేళ్ల క్రితం వానాకాలంలో ఒకే వారంలో రెండూ జరిగాయి. మేడ మీద నీళ్లు దిగే గొట్టం ఆకులతో పూడిపోయి, పిట్టగోడ లోపల జానెడు నీళ్లు నిలిచి, పైగది కప్పు చెమర్చింది. మూడోరోజు కింద స్నానాలగదిలో నీళ్లు పోవడం మానేసి వెనక్కి రావడం మొదలెట్టాయి. ప్లంబరు వచ్చి డ్రైనేజీ చాంబరు మూత తీసి, గొట్టంలోకి కర్ర పెట్టి, ఏదో తగిలి ఆగాడు. చెయ్యి పెట్టి లాగాడు. బారెడు పొడవున వేరు, వేరంటే ఒక్కటి కాదు, వేలకొద్దీ సన్నటి వేళ్లు గొట్టం ఆకారంలోనే అల్లుకుని, తడిసిన పీచు చాపలా బయటికొచ్చాయి. నేల మీద పెట్టినా గుండ్రంగానే ఉండిపోయింది. అతను దాన్ని మెచ్చుకోలుగా చూస్తూ, "చెట్టు మంచి బలంగా ఉందమ్మా" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాడే కొమ్మలు కొట్టేవాళ్లని పిలిపించాను. అనుమతి కాగితం మాత్రం పద్ధతిగానే తీసుకున్నాను, బుద్ధి ఒక్కటే పద్ధతిగా లేదు.

"ఎంతవరకు కొట్టమంటారమ్మా?"

"ఇంటి మీదికి వచ్చిందంతా కొట్టేయ్ బాబూ."

రంపం పైనుంచి వేశారు. మూడొంతులు కోసేసరికి కొమ్మ తన బరువుకి తనే వంగి, ఫెళ్లుమని విరిగి, పోతూపోతూ కాండం మీద బెరడుని రెండడుగుల మేర చీల్చుకుపోయింది. లోపల తెల్లగా, తడిగా. కొమ్మ పడిన చోటునుంచి పచ్చివాసన ఇల్లంతా నిండింది. ఆ రోజంతా గదిలో వెలుతురు ఎంత ఎక్కువైపోయిందంటే, కంప్యూటరు తెర కనబడక కర్టెన్ వేసుకోవాల్సొచ్చింది.

సాయంత్రం బాబాయిగారు వచ్చారు. గేటు బయటే నిలబడి పైకి చూశారు.

"కొట్టించావా?"

"అడ్డంగా ఉందని, బాబాయిగారూ."

"ఎవరికి?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన ఆగి, "ఈ చెట్టింక రెండేళ్లు బతికితే గొప్ప" అని వెళ్లిపోయారు. ఆ మాటలో మాత్రం ఆయన పప్పులో కాలేశారు. మూడేళ్లయింది, చెట్టు నిక్షేపంగా ఉంది.

బాగుపడనిది డ్రైనేజీ. కొమ్మ కొట్టిన నాలుగు నెలలకే మళ్లీ నీళ్లు వెనక్కొచ్చాయి. కొమ్మ కొడితే వేరు ఆగుతుందని నాకెందుకు అనిపించిందో ఇప్పటికీ తెలియదు. ఈసారి గొట్టం మొత్తం తవ్వించాం. ఇల్లు కట్టినప్పటి పాత మట్టిగొట్టాలు, అతుకుల్లో సిమెంటు ఎప్పుడో రాలిపోయింది. వేళ్లు గొట్టాన్ని బద్దలుకొట్టి దూరవు. పగులులోంచి చెమ్మ కారుతుంటే, ఆ చెమ్మని పట్టుకుని వస్తాయి. అంటే లీకు మాది, దొంగతనం దానిది. అతుకులు గట్టిగా అంటించిన పీవీసీ గొట్టాలు వేయించాక ఇంతవరకు మళ్లీ చాంబరు మూత తీయలేదు. మేడ మీద గొట్టానికేమో ఒక జాలీ పెట్టించాం. చిన్న జాలీ. దాంతో పోయేదానికి అంత పెద్ద కొమ్మని కొట్టించాను.

అసలు నష్టం ఏడాదిన్నర తర్వాత బయటపడింది. పైగదికి సముద్రం వైపు రెండు కిటికీలు. రెండింటి ఇనుప గ్రిల్లు ఒకే రోజున, ఒకే చేత్తో చేసినవి, ఒకే డబ్బాలో రంగు. ఎడమ కిటికీకి ఇంకా చెట్టు అడ్డం ఉంది. కుడి కిటికీ ముందు, కొమ్మ పోయిన చోట, ఇప్పుడు ఖాళీ. ఒకరోజు తుడుస్తూ గమనించాను. ఎడమ గ్రిల్లు మీద అక్కడక్కడా చుక్కలు. కుడిదాని మీద రంగు బుడగలు కట్టి, బుడగ గిల్లితే లోపల ఎర్రటి పొడి, అడ్డకడ్డీ నిలువుకడ్డీ కలిసే ప్రతిచోటా వాపు. గుడ్డ తడిపి రెండు అద్దాలూ తుడిచి, రెండు గిన్నెల్లో పిండి, నీళ్లు నాలిక్కి తగిలించి చూశాను. మా ఆయన తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడని అప్పుడు తెలియలేదు. కుడివైపుది ఉప్పగా ఉంది. ఎడమవైపుది మురికి రుచి, అంతే.

చెట్టు ఉప్పునంతా ఆపేస్తుందని చెప్పను, ఆపితే ఎడమ గ్రిల్లు మీద చుక్కలెందుకు వస్తాయి. కానీ గాలి ఆకుల్లో తట్టుకుని నెమ్మదిస్తుంది, ఉప్పు ఆకుల మీద వాలుతుంది, వాన పడితే కడుక్కుపోతుంది. బాబాయిగారు పైపు పట్టుకుని చేసే పనే, ఇది మా తరఫున పైపు లేకుండా చేస్తోంది. సముద్రానికి దగ్గరగా ఉన్న పొన్న, బాదం ఆకులు ముట్టుకుంటే తోలులా మందంగా, నున్నగా ఉంటాయి, ఉప్పుగాలికి అలవాటు పడ్డ చెట్లు. నిద్రగన్నేరుకి ఆ తోలు లేదు. సముద్రం వైపు కొసల్లో ఎండాకాలం ఆకు అంచులు మాడినట్టు అవుతాయి. తెగులనుకున్నాను ఇన్నాళ్లూ.

కుడి కిటికీ పైన సజ్జా కూడా పెచ్చులూడటం మొదలైంది. దాన్ని మాత్రం కొమ్మ ఖాతాలో రాయను. ఆ పని ఎప్పుడో మొదలై ఉంటుంది. ఉప్పులోని క్లోరైడ్ కాంక్రీట్‌లోకి ఇంకి లోపలి చువ్వని చేరడానికి ఏళ్లు పడుతుంది. చేరాక చువ్వ తుప్పుపట్టి ఉబ్బుతుంది, తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు అడుగుతుంది, కాంక్రీట్ పగులుతుంది. మొదట పిలిచిన మేస్త్రి పెచ్చులు రాల్చి, పైన సిమెంటు పూసి, రంగేసి వెళ్లాడు. తొమ్మిది నెలలకి ఆ ముక్క కింద ఆరేసిన దుప్పటి మీద పడింది. ఎవరూ కింద లేకపోవడం మా అదృష్టం. రెండోసారి వచ్చినతను తుప్పు లేని చువ్వ కనబడేదాకా చెక్కి, చువ్వని వైర్ బ్రష్‌తో తోమి, మందు పూసి, అప్పుడు కట్టాడు. చెక్కుతుంటే సజ్జా సగం పోయింది, నాకు గుండె ఆగినంత పనైంది. అది నిలిచింది.

కొమ్మ సంగతికొస్తే, నేను చేయించిన కోత ఎంత తప్పో ఆ తర్వాత చదివాను. అమెరికా అటవీ విభాగంలో అలెక్స్ షైగో అనే ఆయన వేల చెట్లని నిలువునా కోసి చూసి, 1977లో ఒక పుస్తకంగా తెచ్చారు. చెట్టుకి గాయం మన చర్మంలా మానదట. కుళ్లు ముందుకు పోకుండా లోపల గోడలు కట్టుకుని, ఆ భాగాన్ని అలా మూసేసి, పైన కొత్త చెక్క పెంచుకుంటుందట. కొమ్మ మొదట్లో కంకణంలా ఉబ్బెత్తుగా ఉండేచోట ఆ మూసే శక్తి ఉంటుంది. దాన్ని వదిలి దానికి బయట కోయాలి. పెద్ద కొమ్మయితే ముందు కిందినుంచి కొంచెం, తర్వాత ఇంకాస్త బయట పైనుంచి, బరువు పోయాక చివర్లో కంకణం దగ్గర, ఇలా మూడు కోతలు. మావాళ్లు ఒక్కటే కోత వేశారు. బెరడు చీలిన చోట అంచులు ఇప్పుడు పెదవుల్లా మందంగా మడతపడి లోపలికి వస్తున్నాయి. మధ్యలో అరచేయంత మేర ఇంకా తెరుచుకునే ఉంది, వాన పడితే నల్లబడుతుంది. పైన గుప్పెడు పిలకలు లేచాయి. చూడటానికి ఏపుగా ఉన్నాయి గానీ, అవి బెరడు అడుగునుంచి వచ్చినవి, గట్టి పట్టు ఉండదట. రెండు ఉంచి మిగతావి తీయించాను, ఈసారి దగ్గర నిలబడి.

ఆ రెండు పిలకలు ఇప్పుడు కిటికీ కింది అంచుదాకా వచ్చాయి. కుడి గ్రిల్లు మళ్లీ కొత్తది వేయించాం. మధ్యాహ్నం గాలి తిరగ్గానే ఆ కిటికీ మూసేస్తాను, రాత్రి నేలగాలి మొదలయ్యాక తెరుస్తాను. ఎండాకాలంలో ఆదివారాలు నేనూ పైపు పట్టుకుంటున్నాను. బాబాయిగారు ఏమీ అనరు, తన పైపు పని ముగించి నా వైపు ఓసారి చూసి లోపలికి వెళ్తారు.

ఇంకో మార్పు చెప్పాలి, నాకు బెంగపుట్టిస్తున్నది ఇదే. వీధిలో ఇళ్లు చేతులు మారుతున్నాయి. కొత్తవాళ్లు ముందు చేసే పని, వాకిలి మొత్తం సిమెంటు చేసి పైన టైల్స్ వేయడం. ఆకులు ఊడవడం తేలిక, నాకు అర్థమవుతుంది. కానీ సముద్రం పక్కన నేలకింద మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతూ ఉంటాయి, మంచినీళ్లు తేలిక కాబట్టి. సముద్రమట్టానికి మంచినీటి మట్టం ఒక్క మీటరు ఎత్తున ఉంటే, కింద దాదాపు 40 మీటర్ల లోతువరకు మంచినీళ్లే ఉంటాయని ఒక లెక్క. డచ్చివాడు బాడన్ గైబెన్, జర్మనీవాడు హెర్జ్‌బర్గ్ వందేళ్లకి పైగా క్రితం ఎవరికివారు కనిపెట్టారు. వినడానికి ఎంత భరోసాగా ఉంటుందో! తిరగేసి చూడండి. పైన మట్టం ఒక్క అడుగు తగ్గితే, కిందనుంచి ఉప్పు కొన్నాళ్లకి నలభై అడుగులు పైకొస్తుంది. వాన నేలలోకి ఇంకకపోతే తగ్గేది ఆ మట్టమే. గత రెండు వేసవులూ మా బోరు నీళ్లలో సబ్బు నురగ రాలేదు. కుండీలో మొక్కలకి ఆకుల అంచులు మాడాయి, ఈసారి గాలి వల్ల కాదు.

మా వాకిట్లో సగం సిమెంటు పగలగొట్టించి మట్టి చేశాం. అత్తగారు బురద అని గొణుగుతారు. బురదే.

నిన్న మూడో ఇంటికి కొత్తగా వచ్చిన అమ్మాయి గేటు దగ్గర ఆగింది. వాళ్ల గేటు నల్లగా మెరుస్తోంది ఇంకా. "ఆంటీ, కొమ్మలు కొట్టేవాళ్ల నంబర్ మీ దగ్గరుందట కదా? మా కిటికీకి మరీ అడ్డంగా ఉంది" అంది.

ఎవరు చెప్పారని అడగలేదు. నంబర్ ఇచ్చాను. ఇచ్చి, "వాళ్లని పిలిచేముందు ఓసారి మా పైగదికి రామ్మా, రెండు కిటికీలు చూపిస్తాను. పాత గ్రిల్లు ఇంకా పారేయలేదు" అన్నాను. ఆదివారం వస్తానంది.